చెంచమ్మ ఇంటిమీది డిష్షు

చెవిటిపిల్ల ఉన్న ఇంటికి టీవీ ఎందుకని అడిగాడు ముత్యాలయ్య. చాటుమాటుగా కాదు. సంగనపాలెం గంగమ్మ గుడి అరుగుమీద కూచుని, పదిమంది వింటుండగా, నోట్లో బీడీ కూడా తియ్యకుండా అడిగాడు.

బోగోలులో చేపలమ్ముకుని అప్పుడే ఆటో దిగి వస్తున్న చెంచమ్మ అక్కడే నిలబడిపోయింది. నెత్తిమీది ఖాళీ గంప తీసి చంకన పెట్టుకుంది.

“నా బిడ్డకి చెవులు వినపడవు గానీ కళ్ళు బాగానే ఉండాయి ముత్యాలన్నా. నువ్వు టీవీని చెవులతో చూస్తుండావా?” అంది.

అరుగుమీద ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ముత్యాలయ్యకు గుచ్చుకుంది. “ఉన్న చానెళ్ళు చాలవా ఏంది? పాటల చానెలు తీసేసి, నీ కోసరం చేతులూపే చానెలు పెట్టమంటావా? ఊరంతా నన్ను తంతారు,” అన్నాడు.

అడగకూడనిదేమీ అడగలేదు చెంచమ్మ. పాలెంలో కేబుల్ వైరు ముత్యాలయ్యది. అందులో ఒక చానెలు కలపమని అడిగింది. కుదరదంటే కుదరదని చెప్పొచ్చు, ఎవరూ కాదనరు. పిల్లను ఎత్తి చూపడం దేనికి? అలాంటి మాట అనడానికి మనిషికి నోరెలా వస్తుందో ఆ గంగమ్మకే తెలియాలి.

చెంచమ్మకూ ఓబయ్యకూ ఒక్కగానొక్క కూతురు వినీల. తొమ్మిదేళ్ళది. పుట్టుచెవుడు. రెండేళ్ళ కిందట నెల్లూరులో చెవిటిపిల్లల బడిలో, హాస్టల్లో చేర్చారు. అక్కడ పిల్ల చేతులతో మాట్లాడడం నేర్చుకుంది. నేర్చుకోవడమంటే అలా ఇలా కాదు. సెలవులకి ఇంటికొస్తే నిద్రలేచింది మొదలు చేతులు ఆగవు. ఆ చేతులు ఏం చెబుతున్నాయో మాత్రం ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తిను, రా, పడుకో. ఈ మూడే చెంచమ్మకి వచ్చు. కన్నతల్లికి మూడు మాటలు. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తనమీద తనకే ఒళ్ళు మండేది.

ఈసారి హాస్టలు మిద్దె కురుస్తోందని, బాగుచేసేదాకా మూడు నెలలు పిల్లల్ని ఇళ్ళకు పంపించేశారు. వచ్చిన రెండోరోజు వినీల రెండు చేతులూ ఒకదాంతో ఒకటి పట్టుకుని, ఊపి ఊపి ఏదో అడిగింది. చేతులు కడుక్కోవాలేమో అనుకుని చెంచమ్మ సబ్బు తెచ్చిచ్చింది. పిల్ల సబ్బు పక్కన పెట్టి మళ్ళీ అదే అడిగింది. అన్నం పెట్టింది. నీళ్ళిచ్చింది. ఒళ్ళు పట్టుకుచూసి అల్లూరు ఆస్పత్రికి కూడా తీసుకుపోయింది. మూడురోజులు అడిగి అడిగి, నాలుగోరోజు పిల్ల అడగడం మానేసింది. గోడకి మొహం తిప్పి పడుకుంది. మానేసిన రోజు చెంచమ్మ పొయ్యిముందు కూచుని ఏడ్చింది.

ఆ బడి టీచరు భానుప్రియ ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పుకుంది. పొద్దస్తమానం చేతి భాషలో పాఠాలు చెప్పే చానెలు ఒకటి ఉందనీ, సొంత డిష్షు పెట్టుకుంటే నెలనెలా కట్టే పని లేకుండా వస్తుందనీ టీచరు చెప్పింది. “ఇంటిల్లిపాదీ చూడండమ్మా. పిల్లకంటే మీకే ఎక్కువ అవసరం,” అంది. ఫోన్లో చూద్దామంటే సంగనపాలెంలో ఇసుకదిబ్బ ఎక్కితేగానీ సిగ్నలు రాదు. ఉన్న ఒక్క ఫోనూ ఓబయ్యతో పాటు సముద్రంలోకి పోతుంది. ముందు ముత్యాలయ్యను అడిగి చూద్దామనుకుంది చెంచమ్మ. ఆయనగారి జవాబు విన్నాం కదా.

మర్నాడే వినీలను వెంటబెట్టుకుని కావలి పోయింది. ఏం కొనాలో టీచరు అప్పటికే ఒక కాగితం మీద రాసి, బొమ్మ వేసి, బస్సు కండక్టరు చేత పంపించింది. డిష్షు ఎంత వెడల్పు ఉండాలి, ఎటు తిప్పాలి, అన్నీ ఉన్నాయి. బాక్సు కొత్త రకందే తీసుకోవాలి, పాత రకంలో ఈ చానెలు రాదు అని కింద రెండు గీతలు కొట్టి మరీ రాసింది. కొట్టాయన కాగితం చూడనైనా చూడలేదు. దుమ్ముపట్టిన అట్టపెట్టె ఒకటి దించి, “అన్నీ ఒకటేనమ్మా, ఇది పట్టకపో,” అన్నాడు. చేపలమ్మేదానికి ఏం తెలుస్తుందిలే అని.

“మొప్ప ఎత్తి చూపించందే నేను చేపమ్మను. నువ్వు గూడా పెట్టి చూపించు,” అంది చెంచమ్మ.

గొణుక్కుంటూ కొట్టు మీద ఉన్న డిష్షు వైరు తెచ్చి ఆ బాక్సుకి తగిలించాడు. వెతికాడు, మళ్ళీ వెతికాడు. సినిమాలొచ్చాయి, భజనలొచ్చాయి, ఆ చానెలు రాలేదు. చెంచమ్మ చేతులు కట్టుకుని కదలకుండా నిలబడింది. చివరికి లోపలి నుంచి కొత్త రకం బాక్సు తెచ్చి తగిలిస్తే, నీలం చీర కట్టుకున్న ఒకామె తెరమీద కనబడి చేతులతో ఏదో చెబుతోంది. వినీల పరుగెత్తి టీవీ ముందుకు పోయింది. ఆమె ఏం అడిగిందో, ఈ పిల్ల చేతులు జవాబు చెప్పేస్తున్నాయి. కొట్లో బేరాలు ఆగిపోయాయి. చెంచమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, “ఇదే కట్టు,” అంది.

రేపొచ్చి బిగిస్తానన్న కొట్టు మనిషి సుధాకర్ మర్నాడు రాలేదు. ఫోన్ చేస్తే, “అక్కా, మీ ఊళ్ళో దురాయి ఉందంట గదా. నేనొస్తే ఊరుకోమని చెప్పినారు. నన్నొదిలెయ్,” అన్నాడు.

దురాయి అంటే పాలెం పెద్దలు, పెద్దకాపులు వేసే కట్టు. అమావాస్యకి వేటకి పోకూడదని దురాయి వేస్తే ఒక్క పడవ కదలదు. సన్నకన్ను వలలు వెయ్యకూడదని వేస్తే ఎంతటివాడైనా వల చుట్టి ఇంట్లో పెట్టుకోవాల్సిందే. ఆ కట్టు వల్లనే చిన్న పడవలవాళ్ళు ఇంతకాలం బతికి బట్టకట్టారు. చెంచమ్మ దాన్ని ఏనాడూ దాటినది కాదు. కానీ ఏటా తిరణాల ఖర్చుకోసం పెద్దకాపులు కేబుల్ వైరుని కూడా వేలం వేస్తారు. వేలం పాడుకున్నవాడి వైరే అందరూ తీసుకోవాలి. వేట గురించి పుట్టిన కట్టు, టీవీ వైరు దాకా పాకింది. ఎవరూ అడగలేదు గనక పాకింది.

సుధాకర్ రాకపోతే మనకి చేతుల్లేవా అన్నాడు ఓబయ్య. సునామీ తర్వాత కట్టించిన ఆ ఇంటి మిద్దెమీద గొట్టం నిలబెట్టి, నాలుగువైపులా పడవ తాళ్ళతో బిగించి కట్టాడు. ఎంత గాలొచ్చినా కదలదు. అక్కడిదాకా బాగుంది. పక్కింట్లో ఉండే ఓబయ్య మేనత్త ముసలమ్మ, ఇంటికి కొత్త వస్తువు వస్తే ఊరికే పెడతారా అని పళ్ళెం పట్టుకుని మిద్దెక్కింది. కొత్త పడవని నీళ్ళలోకి దించేముందు చేసినట్టే కొబ్బరికాయ కొట్టింది. పడవ ముందుమొనకి పూసినట్టు, డిష్షు ముందు కమ్మీ చివర ఉన్న తెల్లటి బుడిపెకి ఇంత మందాన పసుపు మెత్తింది. కుంకుమ పెట్టింది. దానిమీద మూర బంతిపూల దండ చుట్టింది. ఓబయ్య, చెంచమ్మ దణ్ణం పెట్టుకున్నారు.

ఆ తర్వాత మొదలయ్యాయి తిప్పలు. ఆగ్నేయం అని టీచరు రాసింది. ఆగ్నేయం ఏదో పడవ నడిపేవాడికి చెప్పాలా? ఓబయ్య డిష్షు అటు తిప్పాడు. చెంచమ్మ లోపల టీవీ దగ్గర కూచుంది. సముద్రపు గాలి, అలల హోరు. పైనుంచి అతను అరిచేది కిందికి రాదు, కిందినుంచి ఆమె అరిచేది పైకి పోదు. గంటసేపు అరుచుకుని ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. అప్పుడు వినీల వాకిట్లోకి పోయి, ఇటు టీవీ, అటు మిద్దె రెండూ కనబడేచోట నిలబడింది. చేత్తో చూపించింది. ఇంకా పైకి. ఇంకొంచెం. కుడికి. నిదానం. ఓబయ్య అరవడం మానేసి కూతురి చేతిని చూస్తూ తిప్పసాగాడు.

అయినా చుక్క సిగ్నలు లేదు. మధ్యాహ్నం దాటింది. బాక్సే మోసమేమో అని చెంచమ్మ కావలి కొట్టాయన్ని ఏడుతరాలదాకా తిట్టింది. వినీల మాత్రం టీచరు వేసిన బొమ్మ పట్టుకుని మిద్దెక్కింది. బొమ్మ చూసింది, డిష్షు చూసింది. దండ పీకేసి, లంగాతో పసుపంతా తుడిచేసింది. ముసలమ్మ లెంపలేసుకుంది. లోపల నీలం చీర మనిషి తెరమీదికి వచ్చేసింది.

“అమ్మ తల్లీ, నేను పూసిందేనా ఇంత పని చేసింది,” అని ముసలమ్మ మిద్దెమీదే చతికిలబడి నవ్వింది.

మూడోరోజు పొద్దున చేపలకి ఉప్పు కలుపుతూ టీవీ వైపు చూసిన చెంచమ్మ చెయ్యి ఆగిపోయింది. తెరమీద ఆమె రెండు చేతులూ ఒకదాంతో ఒకటి పట్టుకుని ఊపింది. కింద తెలుగులో ఒక్క మాట పడింది. చెంచమ్మ అయిదో తరగతి చదువు ఆ మాటకి చాలింది. నేస్తం. అంతే. పిల్ల మూడురోజులు అడిగింది నేస్తాన్ని. హాస్టల్లో తన పక్కన పడుకునే పిల్లని. నేస్తం కావాలని బిడ్డ ఏడిస్తే తల్లి సబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. చెంచమ్మ ఉప్పుచేతులతోనే పోయి కూతురి ముందు కూచుని, రెండు చేతులూ పట్టుకుని ఊపింది. వినీల కాసేపు నమ్మలేదు. తర్వాత తల్లి మెడ చుట్టేసింది. ఆ సాయంత్రమే టీచరుకి ఫోన్ చేసి ఆ పిల్ల ఊరు మనుబోలని కనుక్కున్నారు.

మరుసటిరోజు పెద్దకాపు కామాక్షయ్య ఇంకో ఇద్దరితో కలిసి వచ్చాడు. ఊళ్ళో వరస కలిపి చెంచమ్మ ఆయన్ని మామా అంటుంది. వెనకాల ముత్యాలయ్య.

“డిష్షు దించెయ్ ఓబయ్యా. దురాయి నీకు తెలవంది గాదు,” అన్నాడు కామాక్షయ్య.

ఓబయ్య పెళ్ళాం వంక చూశాడు. చెంచమ్మ ముందుకొచ్చింది. “మీరు వేలం వేసింది వైరుని మామా. ఆకాశాన్ని గాదు. ముత్యాలన్న ఆ చానెలిస్తే నేనీ గొడవకే పోయేదాన్ని గాదు.”

“ఈ పొద్దు నీకొదిలితే రేపు ఇంటికొక డిష్షు లేస్తాది. తిరణాల ఎట్టా జరగాల?”

“మా ఇంటికి వైరు గూడా ఉండనీ. దానికి కట్టేది కడతా. డిష్షు మాత్రం నా బిడ్డకి.”

న్యాయమైన మాట. విన్నవాళ్ళెవరైనా సరేననాలి. కామాక్షయ్య మొహం కూడా ఒక్క క్షణం మెత్తబడింది. ముత్యాలయ్య వెనకనుంచి దగ్గాడు. అంతే, పెద్దరికం గుర్తుకొచ్చింది. సాయంత్రానికల్లా డప్పు మోగింది. ఓబయ్య ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, పడవ ఎక్కించుకోకూడదు, మాట్లాడినవాళ్ళు తప్పు డబ్బు కట్టాలి. ఒక పసిపిల్ల పాఠం చూసుకున్నందుకు ఊరు ఊరంతా నోరు మూసుకుంది.

తెల్లారేసరికి చెంచమ్మ అంటే ఎవరికీ తెలియదు. చేపల ఆటోలో చోటుండి కూడా ఆపలేదు. గంప నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా నడిచి పోయింది. నిన్నటిదాకా వదినా అని పిలిచినవాళ్ళు బోరింగు దగ్గర మొహం తిప్పుకున్నారు. ఓబయ్యను పెదనాన్న కొడుకే పడవ ఎక్కనివ్వలేదు. కాలవలో విసురువల వేసుకుని, దొరికిన నాలుగు జెల్లలు తెచ్చేవాడు. అయిదోరోజు తలొంచుకుని, “పోనీ తీసేద్దామా?” అన్నాడు.

“తీసెయ్. తీసేసి, రేపు నీ బిడ్డ ఏమడగతాదో నువ్వే చెప్పు నాకు,” అంది చెంచమ్మ.

ఆ సాయంత్రం ఓబయ్య కూతురి పక్కన కూచుని చానెలు చూశాడు. నాన్న అని చేత్తో ఎలా అంటారో వినీల అతని చెయ్యి పట్టుకుని నేర్పింది.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది ముసలమ్మది. ఆమెకు మాట లేకపోతే ముద్ద దిగదు. తడికకి అటువైపు కూచుని, వీళ్ళ కిటికీలోంచి కనబడే టీవీ చూస్తూ ఉండేది. పదకొండోరోజు పొద్దున వినీల వాకిట్లో పళ్ళు తోముకుంటుంటే తడికమీదుగా చెయ్యెత్తింది. వేళ్ళు కలిపి నోటిదగ్గర పెట్టి, కళ్ళెగరేసి, అన్నం తిన్నావా అని టీవీలో ఆమె అడిగినట్టే అడిగింది. వినీల చేతిలోని పళ్ళపొడి కిందపడింది. పరుగెత్తి తడిక దగ్గరికి పోయి గుక్కతిప్పుకోకుండా చేతులతో చెప్పుకుపోయింది. ముసలమ్మకి అందులో సగం అర్థం కాలేదు. అయినా తలూపింది, తనకు వచ్చిన నాలుగూ కలిపి జవాబిచ్చింది. నీళ్ళకు పోతున్న ముత్యాలయ్య పెళ్ళాం చూసింది. చూసి ఊరుకుంటుందా.

సాయంత్రం గుడి ముందు ఊరు కూడింది. ముసలమ్మని మధ్యలో నిలబెట్టారు. డెబ్భై దాటిన మనిషిని, కూచోమని కూడా అనలేదు.

“దురాయి దాటినావు. తప్పు కట్టాల,” అన్నాడు అరుగుమీద కూచున్న కామాక్షయ్య.

“నేను నోరిప్పలేదు నాయనా,” అంది ముసలమ్మ.

“నోరిప్పకపోతేనేం, చేతుల్తో మాట్లాడినావు. మా ఇంట్లోది కళ్ళారా చూసింది. ఒక మాటా రెండు మాటలా, ఇద్దరూ నిలబడి పావుగంట మాట్లాడుకున్నారు,” అన్నాడు ముత్యాలయ్య.

వినీల చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ వెనక నిలబడి ఉన్న చెంచమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. “ఎవురితో మాట్లాడింది?”

వెలివేసిన మనిషికి జవాబు చెప్పొచ్చో లేదో ముత్యాలయ్యకు తెలియలేదు. కామాక్షయ్య వంక చూశాడు. కామాక్షయ్యే అన్నాడు, “నీ కూతురితో.”

“నా కూతురితో మాట్లాడింది. నా కూతురూ మాట్లాడింది. అంతే గదా మామా?” చెంచమ్మ పిల్లను తన ముందుకు తెచ్చి నిలబెట్టింది. “ఇది పుట్టి తొమ్మిదేళ్ళు. మూగది, మూగది అని పిలిచినారు గానీ పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు. ఈ వీధిలో ఇది ఎదురొస్తే పలకరిద్దామని చెయ్యెత్తినోళ్ళు లేరు. పదకొండు రోజులు మీరు మాట్లాడకపోతే నాకు పిచ్చెక్కినట్టుండాది. దీనికి పుట్టినప్పటి నించీ వేసినారు గదయ్యా దురాయి. ఏం డిష్షు పెట్టిందని వేసినారు? నేను గూడా వేసినా. కన్నదాన్ని, నేను గూడా.”

చెంచమ్మ ఆగలేదు.

“తప్పు నేను కడతా. ముసిలామె జోలికి పోవద్దు. అయితే డప్పు గూడా వేయించండి. ముసలమ్మ, ఓబయ్య కూతురు వినీల, ఇద్దరూ మాట్లాడుకున్నారు, అందుకు ఊరు తప్పు వేసింది అని, ఇదే మాట నాలుగు వీధులూ చాటించండి. మూగదానితో మాట్లాడితే తప్పెట్టా వేస్తారు? వేసినారంటే నా బిడ్డ మూగది గాదు. అది ఊరంతా వినాల.”

డప్పు కొట్టేవాడు కామాక్షయ్య మొహం చూశాడు. కామాక్షయ్య నేల చూశాడు. ముత్యాలయ్య ఏదో అనబోయి, పక్కవాళ్ళు ఎవరూ తనవైపు లేకపోవడం చూసి ఆగిపోయాడు.

వినీల తల్లి కొంగు లాగింది. అందరూ ఎందుకు కోపంగా ఉన్నారని చేతులతో అడిగింది. చెంచమ్మ కూతురివైపు తిరిగింది. తెలిసిన మాటలు తక్కువ. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, తప్పులు పోతూ, ఊరందరి ముందూ చేతులతో చెప్పింది. అవ్వ, నువ్వు, మాట్లాడారు. అందుకు వీళ్ళకి కోపం. వినీల శ్రద్ధగా చూసింది. ఒకచోట తల్లి వేలు సరిదిద్దింది కూడా. తర్వాత పోయి కామాక్షయ్య ఎదురుగా నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ చేతులు కదిపింది. కాసేపే. చెప్పడం అయిపోయి జవాబుకోసం చూస్తూ నిలబడింది.

కామాక్షయ్య ఇబ్బందిగా కదిలాడు. పిల్ల కదల్లేదు.

“ఏమంటుండాది ఈ పిల్ల?” అన్నాడు చెంచమ్మతో.

చెంచమ్మకి ప్రతి మాటా అర్థమైంది. నెల కిందట అయితే ఒక్కటీ తెలిసేది కాదు. చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

“నీ ఎదురుగానే నిలబడి ఉండాది గదా మామా. దాన్నే అడుగు,” అంది.

పెద్దకాపు ఒళ్ళోంచి రెండు చేతులూ పైకి లేచాయి. ఏం చెయ్యాలో తెలియక అలాగే ఆగిపోయాయి.